సైకిలుపై తుంగభద్ర తీరము

యాత్ర యనగానే మన యిండ్లలో మొట్టమొదట వచ్చు ప్రశ్న, "ఎవరు తీసికొని పోవుదురు?" అనునది. గుడికైనను, పుట్టింటికైనను, పుష్కరస్నానమునకైనను ఎవరో ఒకరు టిక్కెట్టు కొని, పెట్టె పట్టుకొని ముందు నడువవలయును. స్త్రీ వెనుక నడువవలయును. ఈ నెల మేము వ్రాయబోవునది అట్టి యాత్ర కాదు. కర్నూలు జిల్లా సి.బెళగల్ నుండి బయలుదేఱి, తుంగభద్ర యొడ్డు పట్టుకొని పడమరకు పోయి, ఆదోని కొండలెక్కి, ఎమ్మిగనూరు, గోనెగండ్లల మీదుగా మరల సి.బెళగల్ చేరుటకు నలుగురు స్త్రీలము సైకిళ్ళపై వేసికొన్న ప్రయాణపు లెక్క యిది. ఇంకను బయలుదేఱలేదు. కాని బయలుదేఱుటకు ముందు కూర్చుండి చేయవలసిన పని పెండ్లి సామానుల జాబితాకు తీసిపోదు. ఆ జాబితా మా సోదరీమణులకును పనికివచ్చునని వ్రాయుచున్నాము.

నలుగురిలో ఒకరు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయిని. ఒకరు కుట్టుపని చేసికొనుచు ఇద్దఱు బిడ్డలను చదివించుకొనుచున్న గృహిణి. మూడవది ఇంటరు ముగించిన బాలిక. నాలుగవవారము మేము. వీరిలో ఈ ప్రయాణముపై ఎక్కువ పందెము వేసినది ఆ బాలికయే. ఆమె యూరికి బస్సు రాదు. డిగ్రీ చదువుటకు బస్సు దొరకు రోడ్డువఱకు ప్రతిదినము ఆఱు కిలోమీటర్లు పోవలయును. అన్నగారి సైకిలు ఇంటిలో నున్నది, తొక్కుటయు వచ్చును, అయినను "ఆడపిల్ల ఒంటిగా ఆ దారిన నెట్లు పోవును?" అని తండ్రి. ఒకవైపు సంబంధములు చూచుచున్నారు. నాలుగు దినములు, నూటయెనుబది కిలోమీటర్లు క్షేమముగా తొక్కి వచ్చినచో ఆఱు కిలోమీటర్ల మాట తేలిపోవునని ఆమె యాశ. తండ్రి ఇంకను సరియనలేదు, కాదనియు అనలేదు. కావున ఈ ప్రయాణములో ఏ చిన్న లోపము జరిగినను దాని వెల చెల్లించునది ఆమె. మా యేర్పాట్లు కొందఱికి అతిజాగ్రత్తగా తోచినచో కారణమిది.

ఆడువారి సైకిలు నూతనమైన వింతయేమియు కాదు. 1894లో అమెరికాలోని బోస్టను నగరము నుండి అన్నీ లండన్‌డెర్రీ యను నామె, ముగ్గురు బిడ్డల తల్లి, సైకిలుతో భూప్రదక్షిణమునకు బయలుదేఱి మఱుసటి యేడు తిరిగి వచ్చెను. చాలదూరము ఓడల మీదనే పోయెనని ఎత్తిపొడిచినవారును గలరు. కాని మాకు నచ్చిన సంగతి మఱియొకటి. మొదట పొడుగు పావడ కట్టుకొని, నలువది పౌనులకు పైబడిన బరువు బండిపై బయలుదేఱి, చికాగో చేరునప్పటికే పావడను, బండిని రెంటిని మార్చివేసి, సగము బరువుగల మగవారి సైకిలు నెక్కినది. మన దక్షిణదేశమున 1991లో పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమమువారు, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్‌గారి ప్రోత్సాహముతో, పల్లెటూరి స్త్రీలకు సైకిలు నేర్పిరి. 1992 మహిళాదినోత్సవమునాడు పదిహేనువందలకు పైగా స్త్రీలు సైకిళ్ళపై ఊరేగిరి. ఆడువారి సైకిళ్ళు అంగళ్ళలో అయిపోగా మగవారి సైకిళ్ళనే కొని, ముందుకడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే మేలనిరట. మన గృహిణి ఈ మాట విని తన భర్త సైకిలును తుడిచి నూనె వేయించినది. బిడ్డలు మాత్రము అమ్మమ్మగారి యింట నుందురు.

ఇక దారి. సి.బెళగల్ మండలమునకు ఉత్తరపుటెల్ల తుంగభద్రయే. ఆవలి యొడ్డు తెలంగాణము. ఇంకను పైకి పోయినచో రాయచూరు సీమ, కన్నడదేశము. ఊళ్ళ పేర్లలోనే ఆ పొరుగుతనము వినవచ్చును: కంబదహాల్, పోలకల్, ముసలదొడ్డి. మొదటినాడు తెల్లవాఱుజామున గుండ్రేవుల వైపు నదికి చేరి, అక్కడినుండి యేటి పొడవునను గల పల్లెలమీదుగా నాగలదిన్నె, నదికైరవాడి పక్కగా మంత్రాలయము చేరవలయునని నిర్ణయము. రెండవనాడు మంత్రాలయము నుండి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని. మూడవనాటి యుదయము కొండలు, సాయంకాలము ఎమ్మిగనూరునకు మరలుట. నాలుగవనాడు గోనెగండ్ల, గాజులదిన్నె చెఱువు, గూడూరు, ఇల్లు. దినమునకు నలువదియైదు, ఏబది కిలోమీటర్లు, మూడవనాడు ముప్పదియే. సామానుతో, మంచి రోడ్డుపై గంటకు పండ్రెండు కిలోమీటర్లకు మించి మేము ఆశించలేదు. బండ్లబాటపై ఎనిమిది. ఫోనులోని పటము చేనిగట్టును కూడ రోడ్డుగా చూపును. ఆ గీత నడుమ వంక యున్నదో లేదో, వంకలో నీరున్నదో లేదో చెప్పునది ఆ పల్లెలోని గొఱ్ఱెలకాపరియే. కావున ప్రతి పల్లెలోను సైకిలు దిగి అడుగవలయునని మొదటి నియమము వ్రాసికొంటిమి. దారి అడిగినవారిని "ఎవరమ్మా మీరు?" అని అడుగక మానరు. దానికి విసుగుకొనరాదనునది రెండవ నియమము.

నది గుఱించి రెండు మాటలు చెప్పవలసియున్నది. తుంగభద్రను మనవారు తల్లియందురు. 2009 అక్టోబరు మొదట ఆ తల్లి చూపిన రూపము ఈ యొడ్డు పల్లెలవా రెవ్వరును మఱువలేదు. కర్నూలు పట్టణము మునిగెను, మంత్రాలయము నీటిపాలయ్యెను, ఆవలి యొడ్డున రాజోలి నేతవారి మగ్గములు గుంటలలోనే నీటబడెను. ఇప్పటికిని నదిపక్క పల్లెలలో గోడమీద చేయి పెట్టి "ఇంతవఱకు" అని చూపు ముసలమ్మలు గలరు. శీతకాలమున నది సన్నగిల్లి, బండలనడుమ పాయలుగా పాఱును. చూచుటకు చల్లగా నుండును. చూచి ఊరకుండుట మేలు. ఇసుక త్రవ్విన గుంతలు పైకి కనబడవు. మోకాలిలోతని దిగినచోట నిలువులోతు వచ్చును. కొన్ని మడుగులలో మొసళ్ళును గలవు. స్నానము మంత్రాలయము ఘట్టమున, నలుగురిలో, మెట్లమీద. మఱి యెక్కడను కాదు. ఇది మూడవ నియమము. బాలిక కొంచెము మూతి ముడిచినది గాని ఒప్పుకొన్నది.

అలవాటు కొఱకు పెద్ద ప్రయాణమునకు ముందు రెండు ఆదివారములు తూర్పుదిక్కున సుంకేసులకు పోయి రావలయునని నిశ్చయించితిమి. కర్నూలునకు ఎగువ పదునేడు మైళ్ళలో నున్న ఆ ఆనకట్టనుండియే కర్నూలు-కడప కాలువ బయలుదేఱును. 1860ల దశకమున మద్రాసు ఇరిగేషను కంపెనీ యను ఆంగ్లేయ కంపెనీ సేద్యమునకే గాక పడవలు నడుపుటకును దానిని త్రవ్వించెను. లాభము రాక 1882లో ప్రభుత్వమునకు అమ్మివేసెను. పడవల కాల మెన్నడో గడచినది. కాలువ నేటికిని కర్నూలు ఊరి నడుమ పాఱుచున్నది. కొత్తగా తొక్కువారికి గట్టులవంటి సమతలపు బాటలు మంచివి. ఎత్తుపల్లములు లేవు, లారీలు రావు.

కాలము నిర్ణయించుట యన్నిటికంటె కష్టమైనది. ఈ సీమలో ఫాల్గుణము దాటినచో ఎండ మనుష్యులను నిలువనీయదు. వానకాలమున నల్లరేగడి చక్రమునకు అంటుకొని, అది తిరుగక, సైకిలును మనమే మోయవలసివచ్చును; ఒక్క పదును వానకు మూడునాళ్ళు ఆ బాటలు పనికిరావు. కావున మార్గశిరము మొదలు మాఘము వఱకే అదను. అందులోను పుష్యమాసమున ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర. రథమును, పశువుల సంతను చూడవలసినవే. కాని ఆ దినములలో ఊరిలో తలదాచుకొనుటకు గది దొరకదు, రోడ్డుపై బండ్లకు సందుండదు. జాతరను మఱియొకమాఱు బస్సులో పోయి చూతము. జాతర ముగిసిన పిదప మాఘమున బయలుదేఱవలయునని తేలినది.

గాలి సంగతి పెక్కుమంది తలంపరు. శీతకాలమున ఈ పీఠభూమిపై గాలి తూర్పు, ఈశాన్యముల నుండి వీచును. పడమరకు పోవునప్పుడు అది వెన్నుతట్టి నడుపును. తిరిగి వచ్చునప్పుడు ఎదురు నిలుచును. ఎదురుగాలిలో పది కిలోమీటర్లు పదునైదుతో సమానము. మొదటి రెండునాళ్ళు హాయిగా సాగినదని గర్వించి బలము వ్యయము చేసికొన్నవారు నాలుగవనాడు గోనెగండ్ల దగ్గఱ కూలబడుదురు. అందుచేతనే మూడవనాటి సాయంకాలమే ఎమ్మిగనూరునకు వచ్చి, కడపటి దినమును చిన్నది చేసితిమి. ఆ దినము కోడికూతకే లేచి, ప్రొద్దెక్కి గాలి లేవకముందే సగము దారి తొక్కవలయును. అట్లని చీకటిలో తొక్కుట కాదు. వెలుగు రాకమునుపు, దీపములు పెట్టిన తరువాత రోడ్డుపై నుండరాదు. ప్రత్తిబస్తాలు ఇరుప్రక్కల పొంగివచ్చు లారీలును, వెనుకదీపము లేని ట్రాక్టరులును ఈ రోడ్ల సొత్తు.

మంత్రాలయమున బసకు ఇబ్బంది లేదు. రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశము చేసిన క్షేత్రమగుటచే యాత్రికులకు వసతిగదులు పెక్కులు. గురువారము తప్పించి పోయినచో తేలికగా దొరకును. ఎమ్మిగనూరు వేఱుతీరు ఊరు. అక్కడ మగ్గపు చప్పుడు వినవలయును. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేతకారుల సహకార సంఘము ఒకప్పుడు దేశమంతట పేరుపొందినది. ఆయనకు 1954లో పద్మశ్రీ నిచ్చిరి. దుప్పట్లు, తువాళ్ళు కొనవలయునని గృహిణికి కోరిక. కొనవచ్చును గాని తిరుగుప్రయాణముననే. పోవునప్పుడు కొన్న దుప్పటి ఆదోని వఱకు మోసి, మరల మోసికొని రావలసివచ్చును.

మంత్రాలయమునుండి ఎమ్మిగనూరు ఇరువదికి పైబడిన కిలోమీటర్లు, అక్కడినుండి ఆదోని ముప్పది. ఈ రెండవనాటి దారి పెద్దరోడ్డు. చూచుటకు విసుగు, తొక్కుటకు సుళువు. ఒకరి వెనుక ఒకరము, తెల్లగీతకు ఎడమగా, మాటలు లేకుండ పోవలయును. ముందు ఉపాధ్యాయిని, చివర మేము, నడుమ తక్కిన యిద్దఱు. ఆదోని దగ్గఱపడుచుండగా కొండలు కనబడును. మట్టికొండలు కావు, ఏనుగులంత గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండు రాతికొండలు. ఐదు కొండలను చుట్టి కట్టిన పాతకోట అక్కడ గలదు. అందులో ఎత్తైన బారాకిల్లా, తాళిబండ శిఖరములు క్రింది నేలకు ఎనిమిదివందల అడుగుల యెత్తు. విజయనగరమువారు, బిజాపూరువారు, మొగలాయీలు, నైజామువారు వరుసగా పాలించిన యా కోటను 1786లో టిప్పుసుల్తాను పట్టుకొనెను. నేడు దానిని మేకలు ఏలుచున్నవి. రణమండలకొండపై ఆంజనేయస్వామి గుడికి మెట్లు గలవు. సైకిళ్ళను బసలో గొలుసువేసి విడిచి, సూర్యోదయమునకే మెట్లెక్కి, ఎండ ముదరకమునుపు దిగవలయును. దిగిన పిదప ఉగ్గాని, మిరపకాయబజ్జి. ఆదోని పోయి ఉగ్గాని తినక వచ్చినవారి మాట మేము నమ్మము.

ఆదోని ప్రత్తిమార్కెట్టు పేరుపొందినది. ఆ ప్రత్తి యేఱిన చేతులే మాఘమున వేఱుదారి పట్టును. ఈ పడమటి మండలములలో చేనిపని ముగియగానే కుటుంబములు కుటుంబములుగా గుంటూరు వైపు మిరపకోతకు పోవుదురు. "సుగ్గికి పోవుట" యని దానికి ఇక్కడి పేరు. మనము విహారమునకు పోవు దినములలోనే, ఆ రోడ్డుమీదనే, వంటపాత్రలు, చింకిచాపలు, పసిబిడ్డలు, ముసలివాండ్రు ఒక్కలారీలో కూరుకొని ఎదురుపడుదురు. మా ఉపాధ్యాయిని ఈ ప్రయాణమునకు ఒప్పుకొన్నది వారికొఱకే యని చెప్పవచ్చును. ఆమె తరగతిలో దసరాకు ఉన్న బాలికలలో కొందఱు సంక్రాంతి తరువాత ఉండరు. తమ్ముని చూచుకొనుటకో, వంటచేయుటకో, చేతికందివచ్చినదగుటచే కూలికో వారిని వెంటబెట్టుకొని పోవుదురు. తిరిగివచ్చునప్పటికి పరీక్షలు ముగియును. అటుపై బడికి పంపుటకు బదులు పెండ్లి చేయుదురు. ఆమె యొద్ద అట్టి బాలికల ఊళ్ళ పేర్లు కలవు. దారిలోనున్న పల్లెలలో ఆగి, ఇంటనున్న అవ్వనో, తాతనో కలిసి, పిల్ల నెవరియొద్దనైన విడిచిపోవు వీలున్నదా, సర్కారు హాస్టలులో చేర్చుదురా యని అడుగవలయునని ఆమె తలంపు. ఇందుకొఱకు మొదటినాటి లెక్కలో రెండుగంటలు అదనముగా విడిచితిమి. ఇట్టి పనికి కారులో దిగినచో అధికారి వచ్చినదని తలుపులు మూయుదురు. సైకిలు దిగి చెమట తుడుచుకొను నామెకు మంచినీళ్ళిచ్చి మాట్లాడుదురని ఆమె యనుభవము.

సైకిలు సంగతి. కొత్తది కొననక్కఱలేదు. గేర్లున్న సైకిలు ఎదురుగాలికి, మిట్టలకు మంచిదే. కాని అది చెడినచో పల్లెలోని మరమ్మతుకాడు చేయిపెట్టలేడు. మామూలు సైకిలునకు ఏ యూరిలోనైనను వైద్యుడు దొరకును. ముఖ్యమైనది సీటు ఎత్తు. పెడలు క్రిందికి వచ్చినప్పుడు కాలు ఇంచుమించు చాచినట్లుండి, మోకాలు కొంచెము మాత్రమే వంగియుండవలయును. మనవారు భయముచే సీటును దించుకొందురు; పది కిలోమీటర్లకే మోకాళ్ళు పట్టుకొనును. బ్రేకు దిమ్మలు కొత్తవి వేయించుడు, గొలుసునకు నూనె పెట్టించుడు, వదులైన ఊచలు బిగించుడు. ఈ సీమకు అసలు శత్రువు సర్కారుతుమ్మ ముల్లు. టైరు అరిగియుండిన అది సూటిగా ట్యూబులోనికి దిగును. కావున మంచి టైర్లు, రెండు ట్యూబులు, అతుకుల సామాను, ఒక పంపు, బిగింపు కత్తెరలు. నలుగురిలో ఇద్దఱైనను పంక్చరు వేయుట నేర్చుకొని తీరవలయును. బాలిక ఇప్పటికే నేర్చినది. ఆమె యన్న ఓర్చుకొని నేర్పినాడు.

చీరకట్టుతో తొక్కరాదా యని కొందఱు అడుగుదురు. తొక్కవచ్చును, ఊరిలో పనికి. దినమంతయు తొక్కుటకు సల్వారు మేలు. క్రిందిభాగమును గొలుసులో పడకుండ పట్టీతో కట్టుకొనవలయును, ఓణీని నడుమునకు చుట్టుకొనవలయును. తలకు తెల్లని నూలుగుడ్డ, దానిపై టోపీ. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల నీరు. కావలసినప్పుడు మఱుగు దొరకదని ఆడువారు నీరు త్రాగుట మానుదురు. ఎండలో అది ప్రమాదము. కావున మఱుగు దొరకుచోట్లను ముందుగనే వ్రాసికొంటిమి: బడులు, పెట్రోలు బంకులు, బస్సుస్టాండ్లు, తెలిసినవారి యిండ్లు. గంటన్నర కొకటి యుండునట్లు దారిని సరిపఱచుకొంటిమి. నెలసరి సంగతియు నలుగురము దాపరికము లేక మాట్లాడుకొని, తేదీని దానికి తగినట్లు జరిపితిమి. ఇది పత్రికలో వ్రాయవలసినదా యని ఒక సోదరికి సందేహము కలుగవచ్చును. ప్రయాణములు చెడునది ఇట్టి వ్రాయని సంగతులచేతనే.

ఆహారము తేలిక. జొన్నరొట్టెలు, చెనక్కాయపొడి మొదటినాటికి కట్టుకొందుము. తరువాత ఏ యూరికి ఆ యూరి తిండి. బొరుగులు, బెల్లము, ఉప్పు, నిమ్మకాయలు సంచిలో. ఎవరికైన నలతయైనచో ఆదోనిలో రైలున్నది, ఎమ్మిగనూరులో బస్సున్నది. ఎక్కడ ఆపి తిరిగివచ్చినను అది పరాజయము కాదని ముందుగనే ఒప్పందము. ప్రమాదమునకు 112 సంఖ్య నలుగురి ఫోనులలోను గలదు. ప్రతి సాయంకాలము దీపములు పెట్టు వేళకు నాలుగిండ్లకును కబురు పోవలయును. ఎవరింటికి ఎవరు చెప్పవలయునో కూడ వ్రాసియుంచితిమి. ఒకరి ఫోను నిద్రపోయినను మఱియొకరిది మేలుకొనియుండును.

నాలుగవనాటి దారిని గుఱించి చెప్పక మిగిలినది కొంచెము. గోనెగండ్లకు చేరువను హంద్రి నదిపై గాజులదిన్నె జలాశయమున్నది. ఈ జిల్లా పెద్దపాడులో పుట్టి, 1960 నుండి 1962 వఱకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నున్న దామోదరం సంజీవయ్యగారి పేరు దానికి పెట్టిరి. కట్టమీద గాలి చల్లగా నుండును. అక్కడ గంటసేపు విశ్రమించి ఉత్తరమునకు మళ్ళవలయును. పల్లెబాటలు దగ్గఱదారి. అవి బాగులేనిచో కోడుమూరు, గూడూరులు చుట్టి వచ్చుట. ఎదురుగాలి, అలసిన కాళ్ళు, చెట్టులేని రోడ్డు కలిసివచ్చు దినము అదియే.

మొన్న ఈ లెక్కయంతయు వ్రాసిన కాగితమును బాలిక తండ్రికి చూపితిమి. ఆయన అద్దములు పెట్టుకొని మొదటినుండి చివరవఱకు చదివినాడు. నాగలదిన్నె పక్కన ఒక వంకదారి మార్పించినాడు. ఆ వంకలో ఎప్పుడును బురద యుండునట. తక్కినదానికి పెదవి విప్పలేదు. లేచిపోవుచు మాత్రము, నాలుగవనాడు తన మోపెడ్డుపై గాజులదిన్నె కట్టవఱకు ఎదురువచ్చెదనని చెప్పినాడు. వచ్చునప్పుడు మంచినీళ్ళ డబ్బా ఒకటి తెమ్మని అడిగితిమి.